బొంతమ్మ వేయించిన తాళం

ఇప్పలకోన అనే అడవి ఉంది. ఎండాకాలం వస్తే అడవంతా ఇప్పపూల వాసనే. అక్కడ ఎలుగుబంట్లు, ముళ్లపందులు, ముంగిసలు, కుందేళ్లు, కణుతులు అనే పెద్ద జింకలు, వాగు అవతల తాబేళ్లు ఉండేవి. ఒకరోజు కొండ మీద టవర్ లేచింది. అప్పట్నుంచి ప్రతి జంతువు చేతిలోనూ ఒక ఫోన్. చేతులు లేని పాము కూడా ఒకటి కొనుక్కుంది. ఎలా పట్టుకుంటుందో నన్నడక్కండి.

ఆ అడవిలో బొంతమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఒంటినిండా బొంత కప్పుకున్నట్టు జుట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. మంచిదే, కష్టపడుతుంది. కానీ తనకు అన్నీ తెలుసని గట్టి నమ్మకం. పిల్లలూ, ఇలాంటివాళ్లతోనే మనకు పెద్ద చిక్కు.

బొంతమ్మకు నేరేడు అని ఒక కూతురు. నేరేడు చిన్నగా ఉన్నప్పుడు తల్లి ఒక ఫోన్ కొనిచ్చింది. వారం తిరక్కుండానే ఆ పిల్ల పుట్ట ముందు కూర్చుని చెదపురుగుల వీడియోలు చూడటం మొదలుపెట్టింది. ఫోన్లో చెదల్ని చూస్తూ, ఎదురుగా ఉన్న చెదల్ని తినడం మర్చిపోయింది. బక్కచిక్కిపోయింది. తల్లికి భయం వేసింది. ఎవరికైనా వేస్తుంది. తాళం వెయ్యాలనుకోవడంలో తప్పేమీ లేదు, ఆ మాట ముందే చెబుతున్నాను.

అడవిలో ఫోన్ల దుకాణం ఒక్కటే. దాన్ని తుర్రయ్య అనే ముంగిస నడిపేవాడు. పని చకచకా చేస్తాడు, చేసి తుర్రుమంటాడు. బొంతమ్మ ఫోన్‌ని అతని ముందు పడేసింది. పిల్ల అరగంటకు మించి చూడకూడదు, కొత్తవేవీ ఎక్కించుకోకూడదు, పొద్దుపోయాక అసలు ముట్టుకోకూడదు, అలా తాళం వెయ్యమంది. రహస్యపదం ఏం పెట్టమంటావని తుర్రయ్య అడిగాడు. అతనికి తోచింది పెట్టమంది. ఎవరి నంబరు ఇవ్వాలని అడిగాడు.

"ఏదో ఒకటి పెట్టెయ్యవయ్యా. అవతల నాకు పుట్టలు తవ్వే పనుంది" అంది బొంతమ్మ.

"సరేలే అక్కా, ప్రస్తుతానికి నా నంబరు పెడుతున్నా. తర్వాత మార్చుకుందువుగాని" అన్నాడు తుర్రయ్య.

తర్వాత! ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఆ తర్వాత అనేది ఎప్పుడైనా వచ్చిందా?

తుర్రయ్య రహస్యపదాన్ని ఒక టేకాకు మీద రాసిచ్చాడు. బొంతమ్మ ఆ ఆకుని గుహలో ఒక మూల పెట్టింది. దాన్ని చెదలు తిన్నాయి. ఆ చెదల్ని బొంతమ్మ తినేసింది. ఆకులో ఏముందో ఆమె ఒక్కసారి కూడా చదవలేదు.

అదే రోజు సూదమ్మ అనే ముళ్లపంది కూడా దుకాణానికి వచ్చింది. ఆమెకూ మొలక అని ఒక కూతురు ఉంది. తుర్రయ్య ఫోన్ అందుకోబోతే సూదమ్మ ఇవ్వలేదు.

"నువ్వు చెయ్యకు నాయనా. ఎలాగో చెప్పు, నేను చేస్తా" అంది.

తుర్రయ్య తల పట్టుకున్నాడు. సూదమ్మ ఒక్కో సంగతీ మూడేసిసార్లు అడిగింది. వెనక నిలబడ్డ కుందేళ్లు విసుక్కున్నాయి. ఇంకా దుకాణం దాటని బొంతమ్మ అయితే పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంత చిన్న పనికి పూటంతా కూర్చోవాలా వదినా అని వెక్కిరించింది. సూదమ్మ తన పని తను చేసుకుపోయింది. తన నంబరే పెట్టుకుంది, తనే తాళం వేసుకుంది, ఇంటికెళ్లి ఇంకోసారి తీసి, మళ్లీ వేసి చూసుకుంది.

ఆ తర్వాత ప్రతి ఏడూ తొలకరి పడగానే సూదమ్మ మొలకని పక్కన కూర్చోబెట్టుకునేది. ఈ ఏడు ఏది తీద్దామని అడిగేది. ఒక ఏడు స్నేహితులకు ఫోన్ చేసుకునే వీలు ఇచ్చింది. ఒక ఏడు సాయంత్రం పూట కాసేపు పెంచింది. ఒకసారి మొలక హద్దు దాటితే, తీసిన తాళాన్నే మళ్లీ వేసింది. నాలుగేళ్లలో మొలక ఫోన్ మీద తాళమే లేకుండా పోయింది. పోయిన సంగతి కూడా ఎవరూ గమనించలేదు.

నేరేడు కూడా ప్రతి తొలకరికీ అడిగేది. చూద్దాంలే అనేది బొంతమ్మ. పిల్లకి తల్లిని మించిన ఎత్తు వచ్చింది. కొండ దిగి, వాగు దాటి, ఒంటరిగా దుంపలు తవ్వుకొస్తోంది. అయినా ఫోన్ మాత్రం అరగంటకి ఆగిపోయేది. బొంతమ్మ ఎక్కడ నలుగురు కనిపించినా తన తాళం గురించే చెప్పేది. మా నేరేడు ఫోన్ ఇనపపెట్టె, ఈగ కూడా దూరదు అనేది. నిజమే, దూరలేదు. ఈగే కాదు, ఆవిడ కూడా దూరలేకపోయింది. ఆ కథే ఇది.

ఇప్పలకోనకు మూడు రోజుల నడక దూరంలో ఒక మూలికల బడి ఉంది. వనమ్మ అనే ముసలి ఏనుగు దాన్ని నడిపేది. ఏటా వానాకాలంలో ఇద్దరంటే ఇద్దరు పిల్లల్ని తీసుకునేది. ఏ దుంప జ్వరానికి, ఏ వేరు పాముకాటుకి, అన్నీ నేర్పేది. నేరేడుకి చిన్నప్పట్నుంచీ అదే కల. ఆ పిల్ల ముక్కు అలాంటిది. మూరెడు లోతులో ఉన్న దుంప పేరు పైనుంచే చెప్పేసేది.

ఆ ఏడు ఇప్పలకోనలో వాసనల పరీక్ష పెట్టారు. నేరేడు మొదటిది, మొలక రెండోది. వనమ్మ కబురు పంపింది. పున్నమి రోజు సూర్యుడు మునిగేలోగా బడి యాప్ ఎక్కించుకుని, అందులో 'వస్తున్నాను' అని నొక్కాలి. ఎవరి ఫోన్‌లోంచి వాళ్లే నొక్కాలి. కిందటేడు తల్లులు తమ ఫోన్లలోంచి నొక్కేసి, తీరా చూస్తే పిల్లలు రాలేదట. అందుకని తల్లుల ఫోన్లు చెల్లవని వనమ్మ ఖరాఖండిగా చెప్పేసింది.

కబురు వచ్చేసరికి పున్నమి ఇంకా ఐదు రోజులు ఉంది. మొలక ఆ నిమిషమే నొక్కేసింది. నేరేడు నొక్కబోతే ఫోన్ మీద ఒక మాట వచ్చింది: 'పెద్దల అనుమతి కావాలి.' నేరేడు తల్లి దగ్గరికి పరుగెత్తింది. అనుమతి ఇవ్వడం ఎంతసేపు, నా చేతిలో పనేగా, చివరి రోజు చూద్దాంలే అంది బొంతమ్మ. నేరేడు రోజూ అడిగింది. బొంతమ్మ రోజూ అదే చెప్పింది. పున్నమి నాడు పొద్దున కూడా, ఒక్క పుట్ట తవ్వి వస్తానని వెళ్లి, రెండు పుట్టలు తవ్వి మధ్యాహ్నానికి వచ్చింది. అప్పుడు తీరిగ్గా కూర్చుని ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"నేనే దీని అమ్మని. అనుమతి ఇచ్చాను" అని ఫోన్‌తో చెప్పింది.

ఫోన్ మళ్లీ అదే అంది, పెద్దల అనుమతి కావాలని. బొంతమ్మ ఇంకాస్త గట్టిగా చెప్పింది. మొహం దగ్గరగా పెట్టి చూపించింది. అమ్మ ఎదురుగా కూర్చుని ఉంటే, ఆ ఫోన్ అమ్మని అడిగి రమ్మంటుంది. రహస్యపదం కావాలని నేరేడు చెప్పింది. టేకాకు గుర్తొచ్చింది. గుహంతా వెతికారు. సరే, ఊహించి చూద్దామన్నారు. తేనె అని కొట్టారు. చెదలు అని కొట్టారు. బొంత, నేరేడు, పుట్ట అన్నీ కొట్టారు. ఐదోది కూడా తప్పు కాగానే, గంట ఆగి రమ్మని చెప్పి ఫోన్ మూగబోయింది.

తల్లీకూతుళ్లు తుర్రయ్య దగ్గరికి పరుగెత్తారు. దారిలో సూదమ్మ, మొలక కలిసి తోడు వచ్చారు. తుర్రయ్యకి తను పెట్టిన పదం గుర్తులేదు. నాలుగేళ్ల నాటి మాట, ఎలా ఉంటుంది? అయినా భయం లేదన్నాడు. పదం మర్చిపోతే ఓటీపీ వస్తుంది, అప్పుడిచ్చిన నంబరుకి వస్తుంది అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు తుర్రయ్య మీసాలు దువ్వుకుంటూ, ఆ నంబరు ఇప్పుడు తన దగ్గర లేదన్నాడు. రెండేళ్ల కిందట ఫోన్ వాగులో పడిపోయిందట. ఇప్పుడా నంబరు వాగు అవతల ఉండే నిదానమ్మకి వచ్చిందట.

నిదానమ్మ ఎవరో చెప్పనా? తాబేలు. వందేళ్ల తాబేలు.

బొంతమ్మ తన ఫోన్‌లోంచి ఆమెకి ఫోన్ చేసింది. పన్నెండుసార్లు మోగాక నిదానమ్మ ఎత్తింది. బొంతమ్మ సంగతంతా చెప్పి, ఇప్పుడొచ్చిన ఓటీపీ చదవమంది.

"ఓటీపీ ఎవరికీ చెప్పకూడదంట కదమ్మా" అంది నిదానమ్మ, చాలా నిదానంగా.

ఏమంటాం? ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ అడవిలో ఆ రోజు తెలివిగా మాట్లాడింది ఆమె ఒక్కతే. ఆ తెలివే వీళ్ల పీకల మీదికి వచ్చింది. బొంతమ్మ అరిచింది. అరిచేసరికి నిదానమ్మకి అనుమానం ఇంకా పెరిగి ఫోన్ పెట్టేసింది.

ఈసారి సూదమ్మ మాట్లాడింది. సూదమ్మ గొంతు నిదానమ్మకి బాగా తెలుసు. కళ్లజోడు తెచ్చుకుంటానంది. తెచ్చుకుంది. ఓటీపీ రెండు నిమిషాలే పనిచేస్తుంది. నిదానమ్మ ఒక్కో అంకె చదివి, అది సరిగ్గా చదివానా లేదా అని మళ్లీ చూసుకునేది. నాలుగో అంకె దగ్గరికి వచ్చేసరికి రెండు నిమిషాలూ అయిపోయాయి. ఇంకోసారి పంపారు. ఐదో అంకె దగ్గర అయిపోయాయి. ఇన్నిసార్లు అడిగారు కాబట్టి ఇంకో గంట ఆగమంది ఫోన్. నాకైతే ఆ ఫోన్‌ని తీసుకెళ్లి వాగులో పడేద్దామనిపించింది.

గంట గడిచింది. సూర్యుడు కొండ అంచు మీద ఉన్నాడు. సూదమ్మ మళ్లీ ఫోన్ చేసి, పక్కన చురుగ్గా చదివేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఒక కప్ప ఉంది. కప్ప గబగబా చదివింది. నేరేడు గబగబా కొట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అంకెలు పడ్డాయి. ఆరోదాని మీద గోరు పెట్టబోతుండగా సూర్యుడు మునిగాడు. ఫోన్ నల్లబడింది. దాని మీద తుర్రయ్య నాలుగేళ్ల కిందట రాసిపెట్టిన మాటలు మెరిశాయి.

'పొద్దుపోయింది చిట్టీ, ఇక నిద్రపో. ఇట్లు, అమ్మ.'

నేరేడు ఆ మాటల్ని చదివి, ఫోన్‌ని తల్లి చేతిలో పెట్టింది.

"నీ తాళం మీద నాకెప్పుడూ కోపం రాలేదమ్మా. నీ దగ్గర తాళంచెవి ఉందనుకున్నాను" అంది.

బొంతమ్మ పేలవంగా నవ్వబోయి ఏడ్చేసింది. తప్పు నాదేనమ్మా అని కూతురితో అంది. ఆవిడ నోట ఆ మాట రావడం అడవిలో అదే మొదటిసారి. కానీ తప్పు ఒప్పుకుంటే సూర్యుడు వెనక్కి రాడు కదా. మర్నాడు నేరేడు చోటు ఒక కణితి పిల్లకి ఇచ్చేశారు. మొలక మూట కట్టుకుని బయలుదేరింది. నేరేడు వాగు దాకా వెళ్లి సాగనంపింది. దారిలో ఒక దుంప వాసన పట్టి, దాన్ని తవ్వి మొలక మూటలో పెట్టింది.

తాళం రెండు రోజుల తర్వాత, మళ్లీ ఓటీపీ తెప్పించుకుంటే ఊడింది. నేరేడు మొదటి పనిగా వనమ్మకు జరిగిందంతా రాసింది. వచ్చే వానలకు రమ్మని, అప్పటిదాకా ముక్కుని మాత్రం ఖాళీగా ఉంచొద్దని వనమ్మ జవాబిచ్చింది. ఏడాది పోయింది. పోయింది తల్లి వల్ల, పోగొట్టుకుంది కూతురు. నాకు ఇప్పటికీ అదే కడుపుమంట.

ఆ ఏడు చలికాలంలో బొంతమ్మకు ఇంకో కూతురు పుట్టింది. పేరు బుడమ. బుడమ కాస్త పెద్దదయ్యాక ఒక ఫోన్ కొనిచ్చి, దాన్ని తీసుకుని బొంతమ్మ దుకాణానికి వచ్చింది. తుర్రయ్య అలవాటుగా చెయ్యి చాపాడు.

"నువ్వు చెయ్యకయ్యా. చెప్పు, నేను చేస్తా" అంది బొంతమ్మ.

పూటంతా కూర్చుంది. ఒక్కో సంగతీ నాలుగేసిసార్లు అడిగింది. తన నంబరే పెట్టుకుంది. వెనక నిలబడ్డ ఒక తల్లి కుందేలు, ఇంత చిన్న పనికి ఇంతసేపా అని పకపకా నవ్వింది. బొంతమ్మ వెనక్కి తిరిగి, కాస్త జరిగి, తన పక్కన ఆమెకు చోటిచ్చింది.

నీతి: పిల్లల కోసం తాళం వేసే పెద్దలు తాళంచెవిని తమ దగ్గరే ఉంచుకోవాలి, పిల్లలు ఎదిగేకొద్దీ ఆ తాళాన్ని తమ చేత్తోనే, సమయం మించకముందే తీయాలి.