బాలింతకు మలుగు వద్దన్న వైద్యుడు

వరిచేల మధ్య మురుగుకాలువ. దాని బురద నిండా మలుగులు. మలుగు చూడ్డానికి పాములా ఉంటుంది గానీ చేపే. పట్టబోతే జారిపోతుంది, తింటే మాత్రం ఒంటికి పడుతుంది. ఆ కాలువ గట్టున చేపలు పట్టుకుని బతికే నీటికుక్కల జంట మునగయ్య, పైడమ్మ కాపురం ఉంటున్నారు. పైడమ్మ అప్పుడే ఈనింది. పాలు పడలేదు. కూనలకు ఏడ్చే ఓపిక కూడా లేదు.

మునగయ్య మలుగులు పట్టుకొచ్చి పెళ్ళాం ముందు పెట్టాడు. ఆమె నోట పెట్టుకోబోతుంటే నక్కయ్య దిగాడు. ఆ గట్టుకంతా వైద్యుడు తనేనని, ఎవరూ అడక్కుండానే చెప్పుకుంటాడు.

"ఆగమ్మా. పచ్చి బాలింతవి, మలుగు తింటావా? అది పాము జాతి. ఒంటికి శీతలం చేస్తుంది, పాలు విరిగిపోతాయి."

"మా అమ్మ మమ్మల్ని కన్నప్పుడు ఇదే తిందండీ," అంది పైడమ్మ నీరసంగా.

"అందుకే తొందరగా పోయింది. నువ్వు గడ్డివేళ్ళ రసం తాగు. వీటి వాసన కూడా తగలకూడదు. ఇటివ్వండి, దూరంగా పారేసొస్తా."

ఆకలిగొన్నవాడి కంచం లాక్కునేవాణ్ణి దొంగ అంటాం. బెదరగొట్టి, దండం పెట్టించుకుని మరీ లాక్కునేవాణ్ణి ఏమనాలో నాకు తెలియదు. తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది.

మునగయ్య దండం పెట్టి మరీ ఇచ్చాడు. రోజూ అతను పట్టడం, నక్కయ్య పట్టుకుపోవడం. చివరికి చిన్నకూన పాలకోసం వెతుక్కోవడం కూడా మానేసింది.

గట్టుమీద మేస్తున్న ముసలి గేదె ఇదంతా చూసింది. ఎన్నో ఈతలు ఈనిన గేదె.

"ఏరా మునగయ్యా, ఆ మలుగులు ఎక్కడ పారేస్తున్నాడురా?"

"తుమ్మపొదల వెనకంట అత్తా."

"అక్కడే కదరా అతని ఇల్లు. నక్కమ్మ కూడా మొన్ననే ఈనింది. పద, బాలింతను పలకరించొద్దాం."

ఇద్దరూ వెళ్ళేసరికి గుమ్మంలో మలుగు ముళ్ళు కుప్పగా ఉన్నాయి.

"అయ్యో తల్లీ, ఇది తిన్నావా? పాలు విరిగిపోతాయని మీ ఆయనే చెప్పాడు," అంది గేదె. "మిగిలినవి ఉంటే ఇటిచ్చెయ్, పారేస్తాం."

నక్కమ్మకు కోపం వచ్చింది. "ఎవరు చెప్పారు ఆ మాట? మలుగు తిన్నాకే నాకు నెత్తురు పట్టింది, పాలు పడ్డాయి. బాలింతకు దీన్ని మించిన తిండి లేదని మా ఆయనే చెప్పాడు. కావాలంటే నా పిల్లల్ని చూడండి, ఎంత బొద్దుగా ఉన్నారో."

అప్పుడే నక్కయ్య ఆ పూట మలుగును నోట కరుచుకుని వచ్చాడు. పెళ్ళాం నోరు మూయించాలంటే తను నోరు తెరవాలి. తెరిస్తే మలుగు జారిపోతుంది. కాసేపు గుడ్లురిమాడు. ఆమె ఆపలేదు.

"నోర్ముయ్యవే," అన్నాడు చివరికి.

మలుగు జారి మునగయ్య కాళ్ళ దగ్గర పడింది. అతను దాన్ని అందుకుని, ఈసారి దండం పెట్టకుండా, ఇంటికి పరుగెత్తాడు.

"అది వేరే రకం మలుగు," అని గొణిగాడు నక్కయ్య.

"రకం ఒకటే నాయనా, బాలింతలే వేరు," అంది గేదె. "ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. నీకు కూనల ఆకలే ముద్దయింది."

పైడమ్మ మలుగులు తింది. పాలు పడ్డాయి. చిన్నకూన మళ్ళీ తల్లిని వెతుక్కుంది. నక్కయ్య మాత్రం ఇప్పటికీ బురదలో దిగి తన మలుగు తనే పట్టుకోబోతుంటాడు, అది జారిపోతూనే ఉంటుంది.

నోరు కట్టుకోమని చెప్పేవాడి మాట వినేముందు, వాడింటి గుమ్మంలో ముళ్ళకుప్ప చూడాలి.