సంచెమ్మ ప్రకటించిన పొత్తు

నీళ్ళున్న చోట పక్షులుంటాయి. పక్షులు చేరిన చోట పెద్దలుంటారు, పెద్దలున్న చోట కట్టుబాట్లుంటాయి. సముద్రానికి దగ్గర్లో ఒక చెరువుండేది. ఆ నీళ్ళలోనే వేళ్ళూనుకుని కడపచెట్లు గుంపుగా నిలబడి ఉండేవి. అక్కడా కట్టుబాట్లకు కొదవ లేదు. అక్కడే పుట్టిన పక్షులకు వాటి బరువు తెలిసేది కాదు. బయటినుంచి వచ్చినవాళ్ళకే అవి వీపు మీద మూట.

అలా బయటినుంచి వచ్చింది సంచెమ్మ. ముసలి గూడబాతు. ముక్కు కింద తోలుసంచి వేలాడుతుంది కనక ఆ పేరు. ఉత్తరాన ఎక్కడో ఉన్న పెద్దచెరువులో చేపలు తగ్గిపోతున్నాయని, అక్కడి గుంపు నలభై పక్షుల్ని వెంట ఇచ్చి ఆమెను ఇక్కడికి పంపింది. గూళ్ళు కట్టి, వేట సాగించి, పట్టినదాంట్లో తమ వాటా పైకి పంపుతూ ఉండమంది.

మూడేళ్ళు గడిచాయి. సంచెమ్మకు ఓపిక సగానికి సగం అరిగిపోయింది. ఇక్కడి చెరువు తన వాటా అడుగుతుంది, అక్కడి చెరువు తన వాటా అడుగుతుంది. చేప ఒక్కటే, నోళ్ళు రెండు. పైనుంచి వచ్చే ప్రతి కబురులోనూ మన దగ్గర ఇలా చెయ్యం కదా అన్న మాటే. ఇక్కడ ఎవర్ని కదిపినా మా దగ్గర ఇలాగే చేస్తాం అన్న మాటే. రోకలికీ రోలుకీ మధ్య గింజలా ఉండేది ఆమె బతుకు.

వీటన్నిటికన్నా పెద్ద బెంగ ఒకటుంది. మరపు. వచ్చిన కొత్తలో చెరువు పెద్ద కూర్మయ్య, అంటే ముసలి తాబేలు, ఆమెను తన రాతి పక్కన నిలబెట్టి కట్టుబాట్లన్నీ చెప్పాడు. రోజూ తెల్లారగానే సంచెమ్మ వాటిని వల్లె వేసుకునేది. మొదటి పట్టు రాతి దగ్గర పెట్టాలి. చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో సంచి ముంచకూడదు. పనికి పెట్టుకున్నవాళ్ళ ఇంట్లో పొదుగుడు ఉంటే, గూట్లో కూర్చున్న తల్లికి మనమే మేత వెయ్యాలి. ఆ తర్వాత నాలుగోది. ఆ నాలుగోది ఎంత తవ్వినా తేలేది కాదు.

కూర్మయ్యను మళ్ళీ అడిగితే ఒక్క క్షణంలో తీరిపోయే బెంగ అది. అడగలేదు. నలభై పక్షుల్ని నడిపే ముసలమ్మకు నాలుగు మాటలు గుర్తుండవా అని ఇక్కడివాళ్ళు నవ్వుతారేమోనని భయం. ఆ నవ్వు పెద్దచెరువు దాకా పాకితే, నువ్విక విశ్రాంతి తీసుకో అంటారేమోనని ఇంకా భయం.

గూడబాతులకు లోతు నీళ్ళలో మునగడం రాదు. అందుకే అక్కడి నీటికాకుల్ని పనికి పెట్టుకున్నారు. నీటికాకులు మునిగి లోతునున్న చేపల్ని ఒడ్డువైపు తరిమితే, గూడబాతులు సంచులు తెరిచి తోడుకునేవి. సాయంత్రానికి పనివాళ్ళ పాలు పనివాళ్ళకు ఇచ్చేవి. నీటికాకుల మేస్త్రీ కర్రెన్న. తక్కువ మాటల మనిషి.

ఆ ఏడు నీటికాకుల గూళ్ళన్నిట్లోనూ ఒకేసారి గుడ్లు పడ్డాయి. కట్టుబాటు ప్రకారం గూటిగూటికీ మేత మోసేసరికి, పైకి పంపే వాటా తగ్గింది. వారం తిరక్కుండా ఉత్తరాది బాతుల చేత కబురొచ్చింది. ఎవరి పెళ్ళాల్నో మనం మేపడమేమిటి, వెంటనే మానెయ్యి అని.

సంచెమ్మ తల పట్టుకుంది. మేత మానేస్తే కట్టుబాటు తప్పినట్టు, చెరువునుంచి వెళ్ళగొడతారు. చూస్తే కొమ్మల నిండా తమ పిల్లలు, ఒక్కదానికీ ఇంకా రెక్కలు రాలేదు. వెళ్ళిపొమ్మంటే పెద్దవాళ్ళు ఎగిరిపోతారు, పిల్లలు ఎక్కడికి పోతాయి?

చెరువు గట్టు మీద తిప్పయ్య అని ఒక గుంటనక్క ఉండేవాడు. బయటినుంచి వచ్చినవాళ్ళకు సలహాలు చెప్పడం అతని వృత్తి. సంగతి విని తోక సర్దుకుని కూర్చున్నాడు.

"కట్టుబాటు ఏమంటోంది అమ్మగారూ? పనివాళ్ళకు మేత వెయ్యాలంటోంది. అసలు వాళ్ళు పనివాళ్ళే కాకపోతే?"

"మరేమిటి వాళ్ళు?"

"పొత్తుదార్లు. మీరూ వాళ్ళూ కలిసి వేటాడుకుంటున్నారు. ఎవరి గూడు వాళ్ళది, ఎవరి పెళ్ళాం వాళ్ళది. రేపు రాతి దగ్గర నలుగురిలో ఆ ఒక్క మాట అనండి, చాలు."

పొత్తు అన్న మాట వినగానే సంచెమ్మ మనసులో ఏదో కదిలింది. కూర్మయ్య ఆ రోజు పొత్తు గురించి ఏదో అన్నట్టే ఉంది. దాని మీద వేరే కట్టుబాటేమైనా ఉందా అని అడిగింది.

తిప్పయ్య చెవి గోక్కున్నాడు. "ఉంటే నాకు తెలియకుండా పోతుందా? గుర్తుపెట్టుకోవడానికి నేనున్నాను కదా. రోజుకు రెండు చేపలు పడేసి మీరు నిశ్చింతగా ఉండండి."

నిశ్చింత. ఆ మాట చెవిన పడి మూడేళ్ళయింది. సలహా కన్నా ఆ మాటే ఆమెను పడగొట్టింది.

మర్నాడు రాతి దగ్గర అందరూ ఉండగా, నీటికాకులు మా పనివాళ్ళు కారు, పొత్తుదార్లు అని సంచెమ్మ ప్రకటించింది. కూర్మయ్య మెడ చాపి చాలాసేపు ఆమె వంక చూశాడు.

"బాగా తెలుసుకునే అంటున్నావా అమ్మా?"

ఆ క్షణాన అడగవచ్చు. వెనక నలభై పక్షులు నిలబడి చూస్తున్నాయి. "తెలుసుకునే అంటున్నాను" అంది సంచెమ్మ.

ఆ పూటనుంచి మేత ఆగింది. కర్రెన్న పగలంతా మునిగి మునిగి, తన పాలు ఇద్దరికీ చాలక, తడి రెక్కలతో మళ్ళీ భార్య కోసం వేటకు పోయేవాడు. అతని భార్య నల్లమ్మ గుడ్ల మీద కూర్చుని ఆ దారే చూసేది. నాలుగు రోజులు ఓర్చుకుంది. అయిదోనాడు ఆకలికి తాళలేక ఒక్కసారి నీళ్ళలోకి దిగి వచ్చేసరికి, గద్ద రెండు గుడ్లు ఎత్తుకుపోయింది.

ఆరోనాడు కర్రెన్న తన వాళ్ళనందర్నీ వెంటబెట్టుకుని రాతి దగ్గరికొచ్చి, సంచెమ్మను పిలిపించాడు. నల్లమ్మ కూడా వచ్చింది. ఆమె గూట్లో మిగిలిన ఒక్క గుడ్డు మీద ఆమె చెల్లెలు కూర్చుంది.

"పొత్తు అన్నారు సంచెమ్మగారూ, సంతోషం. పొత్తు కలిసినవాళ్ళకు చెట్లలో సగం, చేపలో సగం, ఏ పూట వేటకు దిగాలో చెప్పే మాటలో సగం. ఇది మీ చెరువు మాట కాదు, ఈ చెరువు మాట. మా సగం మాకివ్వండి."

సంచెమ్మ కూర్మయ్య వైపు చూసింది. ఆయన అవునన్నట్టు తల ఆడించాడు. మూడేళ్ళుగా దొరకని నాలుగో మాట అదే. ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా తిరిగొచ్చింది. ఇల్లు కాలాక బావి తవ్వినట్టు.

చేపదేముంది, పోతే పోయింది. సగం చెట్లంటే సగం గూళ్ళు.

"కర్రెన్నా, ఆ కొమ్మల మీద పిల్లలున్నాయి. ఇంకా రెక్కలు రాలేదు నాయనా."

జవాబు నల్లమ్మ చెప్పింది. "నా గుడ్లకూ రాలేదమ్మా."

తర్వాత ఆ కొమ్మలకేసి చూసి నల్లమ్మే, పిల్లల్ని కొమ్మలమీంచి తోసేంత పాడు పుట్టుక తమది కాదని, రెక్కలొచ్చేదాకా ఉండనిస్తామని, ఎగిరిన రోజున మాత్రం ఆ కొమ్మలు ఖాళీ చెయ్యాలని చెప్పింది. సంచెమ్మ సరేనంది. ఇక మిగిలిన సగం చేప పిల్లల నోళ్ళకే చాలదు. పెద్దచెరువుకు ఏమని కబురు పెట్టాలో ఆలోచించడానికి కూడా ఓపిక లేకపోయింది.

తిప్పయ్య అప్పటికే కర్రెన్న పక్కకు చేరాడు. పొత్తులో లావాదేవీలెక్కువ, అవన్నీ గుర్తుపెట్టుకునే మనిషి ఒకడుండాలి, రోజుకు రెండు చేపలైతే చాలు అంటున్నాడు. మాకు కూర్మయ్యగారున్నారులే, ఆయన ఏమీ పుచ్చుకోడు అని కర్రెన్న మొహం తిప్పుకున్నాడు. తిప్పయ్య గట్టు దిగి, ఇంకో చెరువుకు ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చారేమో చూడడానికి పోయాడు.

అందరూ చెదిరిపోతుంటే సంచెమ్మ కర్రెన్నను ఆపింది.

"నువ్విక్కడే పుట్టావు కనక నీకన్నీ గుర్తుంటాయి. నా బుర్రే చిల్లుకుండ అయిపోయింది నాయనా."

కర్రెన్న తడి రెక్కలు విప్పి ఎండకు ఆరబెట్టుకుంటూ, "గుర్తెక్కడిదమ్మా?" అన్నాడు. "పొత్తు అంటే ఏమిటో నాకూ తెలియదు. ఇవాళ పొద్దున్నే వెళ్ళి ఆయన్ని అడిగాను."

సంచెమ్మ కూర్మయ్య వైపు తిరిగింది.

"ఏటా అందరూ వచ్చి అడుగుతారమ్మా" అన్నాడు కూర్మయ్య. "కొందరు నెలకోసారి అడుగుతారు. ఈ మూడేళ్ళలో అడగనిది నువ్వొక్కదానివే."

సంచెమ్మ రాతి పక్కన నీళ్ళలో మెల్లగా కూలబడింది. "అయితే మొదటినుంచి చెప్పండి" అంది. కూర్మయ్య చెప్పడం మొదలుపెట్టాడు.

పరాయి చెరువులో ముంచేది మరపు కాదు, మళ్ళీ అడగడానికి పడే సిగ్గు.