గోడ మీది అంకెలు

పార్వతీపురం కంటాసుపత్రిలో డాక్టర్ కోదండపాణికి పదమూడేళ్ళుగా ఒకటే గర్వం. పెద్ద డాక్టరు లలితాంబ గారి శిష్యుల్లో మొదటివాడు తానేనని.

వచ్చే నెల నుంచి ఆవిడ ఆపరేషన్లు మానేస్తున్నారు. తన టేబుల్ ఎవరికి అప్పగిస్తారో ఇంకా చెప్పలేదు. ఏడాది కిందటైతే పాణి ఆ సంగతి అడిగేవాడే కాదు. ఇప్పుడు కుర్ర డాక్టరు హెప్సిబా ఉంది. వచ్చి ఏడాదైనా కాలేదు.

శుక్లాల ఆపరేషన్ అంటే మరేం లేదు, కంట్లో మసకబారిన లెన్స్ తీసేసి కొత్తది పెట్టడం. కొన్ని లెన్సులు మాత్రం గడియారం ముల్లులా సరిగ్గా ఒక వాలులోనే కూర్చోవాలి. అందుకని పాణి రోగిని నిటారుగా కూర్చోబెట్టి, నల్లగుడ్డు అంచున సిరాచుక్క పెట్టి, కాగితం మీది కొలత రెండుసార్లు సరిచూసుకునేవాడు. హెప్సిబా తెప్పించిన కంప్యూటరుకి ఆ తంటా లేదు. బయట కంటికి ఫొటో తీస్తే, లోపల మైక్రోస్కోపులో లెన్స్ కూర్చోవలసిన చోట గీత వెలుగుతుంది.

వరండా గోడకి ఒక తెర కూడా బిగించారు. ఏ టేబుల్ మీద ఎన్ని ఆపరేషన్లయ్యాయో అందులో కనిపిస్తుంది. ఆ సోమవారం పదకొండింటికి హెప్సిబా తొమ్మిది, పాణి ఐదు.

చూడకూడదనుకుంటూనే మాటిమాటికీ బయటికొచ్చి చూశాడు.

"పాణి అన్నా, ఒక్కసారొచ్చి ఈ గీత చూడరాదూ? మీ టేబుల్‌కీ పెట్టిస్తాను" అంది హెప్సిబా.

"నా చేతికి ఇంకా పని వచ్చులే అమ్మా."

ఆరోసారి తెర చూసి, ఉడుకుమోత్తనం ఆపుకోలేక లలితాంబ గారి గదిలోకి వెళ్ళాడు.

"చేసేది మిషను. పేరు ఆ పిల్లకి. మీ టేబుల్ కూడా దానికేనా అమ్మా?"

ఆవిడ చేతిలో ఫైలు పక్కన పెట్టారు.

"ఆ కళ్ళద్దాలిలా ఇవ్వు. కూర్చో. తల పైకెత్తు."

ఆపరేషన్‌కి ముందు రోగులకి వేసే, చూపు మసకబార్చే మందుచుక్కలే అతని రెండు కళ్ళలోనూ వేశారు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వరండా బెంచీ మీద, ఆపరేషన్ ఏ కంటికో గుర్తుగా నుదుట ప్లాస్టర్లు అంటించిన ముసలివాళ్ళ మధ్య కూర్చోబెట్టారు.

"నీ టేబుల్ ఈపూట నేను చూసుకుంటాను. కళ్ళద్దాలు నా దగ్గరే ఉంటాయి."

కాసేపటికి అంతా వెలుగుల ముద్దయిపోయింది. తలుపు తెరుచుకున్న చప్పుడు. ఎవరో లేచి వెళ్ళారు. మళ్ళీ తలుపు.

పక్కనున్న ముసలావిడ అతని మోచెయ్యి తాకింది. "నాకేటి కానరాదు గానీ, టయిం ఎంతయింది బావూ? మూడుగంటల బస్సు అందుద్దా?"

"తెలియడం లేదమ్మా. నీ పేరేంటి?"

"పైడమ్మ. నాతో వొచ్చినోలంతా ఆపరేషనయిపోయి ఎలిపోనారు. ఆలకి సేసింది ఆ పిల్ల డాక్టరమ్మ. నాకు పాణిబావు పడ్డాడు. మంచోడేనట, మరి జాగంట."

జాగంటే ఆలస్యం. పాణి ఆమె వైపు తిరిగాడు.

"ఆ డాక్టరమ్మే అయితే బాగుణ్ణు అనుకుంటున్నావా?"

"ఎవులైతే నాకేటి బావూ? మొన్న బియ్యంలో రాయి కానక వొండేసినాను. కోడలు కంచం తోసేసింది. ఆ రాయి అగుపడితే సాలు."

తలుపు తెరుచుకుంది. లలితాంబ గారి చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది.

"పైడమ్మా, రా అమ్మా." ఆమెను లేవదీస్తూ అడిగారు, "పాణీ, తెర మీద ఎవరికెన్ని ఉన్నాయి?"

పాణి గోడ వైపు తలెత్తి కళ్ళు చికిలించాడు.

"కనపడటం లేదమ్మా."

"ఈ బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి అదెప్పుడూ కనపడలేదు నాయనా."

తలుపు మూసుకుంది.

 పాణి లేచి, గోడ తడుముకుంటూ హెప్సిబా గది దాకా వెళ్ళాడు.

"చెల్లెమ్మా, ఆ గీత నాకు చూపిస్తావా?"

"అయ్యో, ఇప్పుడే రండన్నా!"

"ఇప్పుడు కనపడదు. రేపు పొద్దున్నే వస్తాను."