మతేయో వేసిన పట్టీ

ముకుందాచారి గారిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. వీణలు చేసే ఇంట్లో పుట్టి, విజయనగరంలో గిటార్లు చేస్తూ ముసలివాడైన మనిషి ఆయన. ఆ సంగతి తెలిసీ శిష్యుడు లోకనాథం ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

“గురువుగారూ, ఈ భయం ఎప్పటికి పోతాదండీ?”

అది లోకనాథం సొంతంగా చేస్తున్న మొదటి గిటారు. బాగా పలికితే లోపల గురువు పేరుకు బదులు తన పేరు చీటీ అంటించుకోవచ్చు. ఆ ఇంటి ఆచారం అది. గోడకు తగిలించిన నమూనా పటం మతేయో అనే పాతకాలపు స్పెయిన్ పనివాడిది. లోకనాథం ఆ కొలతలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా దించాడు. పైపలక లోపలివైపు, ఓ పక్కగా, మతేయో అతికించిన సన్నటి చెక్కపట్టీని కూడా వదల్లేదు. గురువు మాత్రం తన గిటార్లకు ఆ పట్టీ ఏనాడూ వేయలేదు. కీలకమంతా అందులోనే ఉందని, దాని గుట్టు ముసలాయన చెప్పడం లేదని శిష్యుల్లో గుసగుస.

తీరా చూస్తే లోకనాథం పలకను ఎక్కడ తట్టినా తడి అట్టలా మోగుతోంది. ఇంకా గీకి పలచన చేద్దామంటే, ఒక్క గీకు ఎక్కువైతే పలక పాడైపోతుంది. అలాంటి చెక్క మళ్లీ దొరకదు. గీకే రేకు పట్టుకుంటే చాలు అరచేతులకు చెమటలు, నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.

గురువు, బాగుకు వచ్చిన గిటారొకటి ముందుకు జరిపారు. అది సాక్షాత్తూ మతేయో చేతి గిటారు. గోడమీది నమూనా గీసింది దాన్ని చూసే. లోపలేదో గరగరలాడుతోందంటే వెనకపలక ఊడదీసి ఉంచారు.

“ఆ పట్టీ వదులైంది. తీసేసి, కిటికీకెదురుగా పట్టి చూడు.”

సరేసు జిగురు ఎండి పొడైపోవడంతో పట్టీ కత్తిమొనకే లేచి వచ్చింది. లోకనాథం గిటారెత్తి వెలుతురుకు పట్టాడు. పలకంతా చీకటిగా ఉంది. పట్టీ తీసిన చోట మాత్రం ఎర్రటి వెలుగు కనిపించింది. అక్కడ చెక్క ఉల్లిపొరంతే మిగిలింది.

“అయ్యబాబోయ్! ఈయనకి చెయ్యి జారిపోయిందండీ!”

“జారింది. బెంగపడి అతుకేసుకున్నాడు.” గురువు లోకనాథం పలకమీది పట్టీని వేలితో చూపించారు. “మరి నీకెక్కడ లోతు పడిందిరా?”

లోకనాథం తన పలకనూ వెలుతురుకు పట్టి చూశాడు. ఎక్కడా గుంట లేదు.

“పెద్దాయన వేశాడు కదా అని...” అన్నాడు, సిగ్గుతో చచ్చిపోతూ.

“పులిని చూసి నక్క వాత పెట్టుకుందట. ముందా ఆయన భయం ఊడదీసి పక్కన పెట్టు.”

పట్టీ తీసి తట్టాడు. పలక గొంతు విప్పింది. అయితే అంచుల దగ్గర ఇంకా కాస్త బిగువు ఉంది, గీకక తప్పదు. లోకనాథం రేకు తీసుకుని పలకమీద ఆనించాడు, మళ్లీ పైకెత్తాడు.

“గురువుగారూ, చెయ్యింకా వణుకుతోందండీ.”

“ఆ భయం నీదేరా. ఉంచుకో,” అన్నారు ముకుందాచారి గారు.