గంగులు ఎత్తిన చెయ్యి

పైపుల ఫ్యాక్టరీలో చక్రం వెయ్యి పల్సులు పంపగానే పైపు తెగాలి. ఇంజినీరు విరూపాక్షరావు వేగం పెంచినప్పటి నుంచీ ముక్కలు పొడుగ్గా వస్తున్నాయి.

"పైపుని నువ్వే లాగేస్తున్నావు! ఇక లోపల అడుగుపెట్టకు" అంటూ ఆయన, ఆపరేటరు గంగులుని అందరిముందూ గుమ్మం బయట నిలబెట్టాడు.

"సరే సార్. నేను ఎన్నిసార్లు చెయ్యెత్తుతానో లెక్కపెట్టండి. కాకపోతే చూసిన ప్రతిసారీ అటు తిరిగి గోడమీది ఆ పది మీటర్ల రీడింగులూ చదివి రావాలి."

గంగులు గబగబా చెయ్యెత్తి దించాడు. ఇంజినీరు మూడన్నాడు. చూపు తిప్పకుండా చూసిన పనివాళ్ళు ముప్పై అన్నారు.

"మిషన్ని నడిపే మీ పీఎల్‌సీ కంప్యూటరు కూడా మిగతావన్నీ చూసొచ్చి పల్సు చూస్తోంది సార్. మధ్యలో వచ్చిన పల్సులు పోతున్నాయి, వెయ్యి లెక్క తేలేసరికి పైపు పొడుగైపోతోంది. పల్సుల్నే కనిపెట్టుకుని ఉండే హైస్పీడ్ కౌంటరు పక్కనే ఖాళీగా ఉంది."

చక్రం వైరుని ఆ కౌంటరుకి కాకుండా మామూలు ఇన్‌పుట్‌కి కలిపింది విరూపాక్షరావే.

"లోపలికి రానా సార్?"

విరూపాక్షరావు తలదించుకుని, తనే గుమ్మం బయటికి నడిచాడు.