అతుకు కనపడని కోటు

ఒక రాజుగారికి అతుకు కనపడని కోటు కావలసి వచ్చింది.

ఆయన గదిలో గోడకు ఒక జీబ్రా బొమ్మ ఉండేది. దాన్ని రోజూ చూసీ చూసీ ఒకనాడు ఆస్థాన దర్జీని పిలిపించారు.

"చూడు, ఒళ్లంతా చారలే. ఎక్కడైనా అతుకుందా? నాకు అలాంటి కోటు కుట్టు. చారకు చార కలవాలి. చేతకాకపోతే నీ కత్తెర ఇక్కడ పెట్టి వెళ్లిపో" అన్నారు.

దర్జీ తన కత్తెర కేసి చూసుకున్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ కత్తెరే అతనికి కూడూ గుడ్డా. అది లేకపోతే తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియని మనిషి. "బొమ్మలో ఒక పక్కే కనపడుతుంది ప్రభూ. అసలుదాన్ని చుట్టూ తిరిగి చూసొస్తాను" అన్నాడు. రాజుగారు సరేనని ఆఫ్రికాలో ఓ మారుమూల అభయారణ్యానికి పంపించారు.

అక్కడ జీపు నడిపే ఆమె ఆ అడవి పక్కనే పుట్టి పెరిగింది. పైకప్పు లేని బండిలో అతన్ని ఎక్కించుకుని, "ఏం చూస్తావు తాతా? సింహాన్నా?" అంది.

"అతుకు చూడాలమ్మా."

ఆమె బండి ముందుకు పోనిచ్చింది. అడవి చూడవచ్చేవాళ్ల వింత కోరికలు ఆమెకు కొత్తేం కాదు.

మొదటి రోజంతా దర్జీ వచ్చిన పనే మరిచిపోయాడు. జిరాఫీని చూసి, "ఈయనగారికి తాను బట్ట మొత్తం కాలరుకే చాలదు" అన్నాడు. ఏనుగు వెనక్కి తిరిగితే, "ఎవడమ్మా ఇంత వదులు ప్యాంటు కుట్టింది? నా దగ్గరికి పంపు, రెండంగుళాలు లోపలికి పట్టేస్తాను" అన్నాడు. ఆమె నవ్వాపుకోలేక జీపు ఆపేసింది. ఇన్నేళ్లూ మనుషుల నడుములే కొలిచినవాడు, టేపుకు లొంగని ఆ ఒళ్లను చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

మర్నాడు పొద్దున్నే జీబ్రాలు కనిపించాయి, మైదానం నిండా. జీపు మెల్లగా చుట్టూ తిరిగింది. తిరిగేకొద్దీ దర్జీ మొహం వాడిపోయింది. ఒక్కదానికీ చారకు చార కలవలేదు. కుడి పక్కకూ ఎడమ పక్కకూ పొంతనే లేదు. ఒకదానికైతే మరీ అన్యాయం, ఎడమ భుజం మీద చక్కగా దిగొచ్చిన చార రెండుగా చీలి, అందులో ఒకటి సగంలోనే ఆగిపోయింది. బట్ట చాలక కుట్టినవాడెవడో చేతులెత్తేసినట్టుంది.

"ఇలా కుట్టుకెళితే నన్ను గుమ్మం ఎక్కనివ్వరు. నా కత్తెర పోయినట్టే" అన్నాడు దిగులుగా.

"కాస్త ఆగి చూడు తాతా."

ఆ చీలిక చార జీబ్రా తెల్లవారుజామునే ఈనింది. పిల్ల ఇంకా తూలుతోంది. తల్లి దాని చుట్టూ తిరుగుతూ, మిగతా జీబ్రాలు దగ్గరికొస్తే తలతో నెట్టేస్తూ, దాని ముందుకే వచ్చి నిలబడుతోంది. నన్నే చూడు, నన్నే చూడు అన్నట్టు.

ఇంతలో గడ్డిలోంచి ఆడసింహం లేచింది. మంద మొత్తం ఒక్కసారిగా పరుగు తీసింది. మైదానమంతా దుమ్ము కమ్మేసి పిల్ల కనపడలేదు. దర్జీకి పై ప్రాణాలు పైనే పోయాయి. రాజూ కోటూ ఏదీ గుర్తులేదు.

చాలాసేపటికి దుమ్ము అణగి, మంద మళ్లీ ఒకచోట చేరింది. సింహం వట్టి నోటితో వెళ్లి ఒక గట్టు మీద పడుకుంది. వందల చారల మధ్య పిల్ల ఒంటరిగా నిలబడి ఉంది. ఒకదాని దగ్గరికెళ్లి చూసింది, కాదు. ఇంకోదాన్ని చూసింది, అదీ కాదు. అంతలో సగంలో ఆగిపోయిన ఆ చార కనిపించింది. తూలుకుంటూ పరిగెత్తి వెళ్లి పొట్ట కింద దూరిపోయింది.

దర్జీ జీపులో లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

"కూర్చో తాతా, సింహం ఇంకా ఇక్కడే ఉంది!"

కూర్చున్నాడు గానీ నవ్వు ఆగలేదు. "చారలన్నీ సరిగ్గా కలిసుంటేనో?" అన్నాడు.

"పిల్ల ఇంకా తల్లిని వెతుక్కుంటూ ఉండేది."

ఊరికి తిరిగొచ్చి దర్జీ కోటు కుట్టాడు. నిండు సభలో రాజుగారు దాన్ని తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డారు. ఎడమ భుజం మీద చారలు చీలిపోయి, అతుకు నిక్షేపంగా కనపడుతోంది. పైగా ఆ భుజం కిందికి వాలిపోయి ఉంది. రాజుగారికి పుట్టుకతోనే ఎడమ భుజం రెండు వేళ్లంత వాలు. ముప్ఫై ఏళ్లుగా దర్జీ అక్కడ దూది పెట్టి కుడుతూ వచ్చాడు.

"దూది ఏదీ?" అన్నారు రాజుగారు మెల్లగా.

"పెట్టలేదు ప్రభూ."

రాజుగారు చెయ్యి చాచారు. దర్జీ కత్తెర తీసి ఆ చేతిలో పెట్టాడు. 

అప్పుడే రాజమాతను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. ఆవిడకు తొంభై ఏళ్లు, చూపు మసక. జరీ కోట్లన్నీ ఆవిడకు ఒక్కలాగే కనపడేవి. ఎన్నో ఏళ్లుగా కొడుకుతో సహా అందరికీ మర్యాదగా "దండాలు బాబూ" అని పోతూ ఉండేది. ఇవాళ మాత్రం గుమ్మం దగ్గరే ఆగి, అరచెయ్యి కంటికి అడ్డం పెట్టుకుని, దూరంగా వాలి ఉన్న ఆ భుజం కేసి చూసింది.

"ఒరే చిట్టీ! అన్నం తిన్నావురా?"

"ఇంకా లేదమ్మా!" అంటూ రాజుగారు కత్తెర దర్జీ చేతిలో కుక్కి, సభ మధ్యలోంచి పరుగందుకున్నారు.