సుంకులమ్మ అడిగిన పలుపు

దగ్గరికి జరగండమ్మా. ఆ గోడకానుకున్న అయ్యలూ, మీరూ ముందుకు రండి. ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

పెంచిన అక్క నిద్ర లేవకముందే ఇల్లు వదిలొచ్చిన ఓబులేశు, ఏడేళ్ళు పెద్దస్వామి మఠంలో సేవ చేశాడు. ఒకనాడు పాదాలు పట్టుకుని, "స్వామీ, అన్నీ వదిలేశాను. కాషాయం ఎప్పుడిస్తారు?" అని అడిగాడు.

అడిగినవాడికి పని చెప్పడం పెద్దస్వామి అలవాటు. "సంతలో పశువుల వేలముంది. ఆవునూ దూడనూ తోలుకురా. అది మన మేత ముట్టాక అడుగు" అన్నారు.

వేలంలో సుంకులమ్మ అనే ముసలామె ఆవూ దూడా మఠం పాటకే నిలిచాయి. "మూడోసారి!" అనగానే ఆమె ఆవు మెడలోని పలుపు విప్పబోయింది. అమ్మినవాళ్ళు తమ తాడు తాము తీసుకుపోవడం, కొన్నవాళ్ళు కొత్తది వేసుకోవడం అక్కడి ఆచారం. ఓబులేశు కొత్తది తేలేదు.

"తాళ్ళన్నీ తెంచుకున్న సామి గదా, ఇంక పలుపేడ తెస్తాడు!" అన్నాడు వేలం వేసేవాడు. జనం గొల్లుమన్నారు. ఓబులేశు సిగ్గుతో పలుపు లాక్కున్నాడు.

"ఆవు మీదే నాయనా. మా పలుపు మాకిచ్చి పో" అంది సుంకులమ్మ.

"తాడే కదమ్మా!" అంటూ తోలుకుపోయాడు.

పలుపు ఒక కొస ఆవు మెడకుంది. అతని పిడికిలి దాటి వేలాడాల్సిన రెండో కొస నేలకు దిగలేదు. వెనక్కి, సుంకులమ్మ ఊరివైపు, ఎవరో పట్టుకుని వస్తున్నట్టు బిగిసి నిలిచింది. తిరిగి చూస్తే ఎండ తప్ప ఎవరూ లేరు.

మఠంలో ఆవుకు కొత్త పలుపు వేసి, పాతది మేకుకు తగిలించాడు. గాలి లేదు. అయినా అది గోడను వదిలి సుంకులమ్మ ఊరివైపే చాచుకుని ఉండిపోయింది. మూడు రోజులు ఆవు గడ్డిపరక ముట్టలేదు. పాలు ఇంకిపోయి, దూడ గొంతు పోయేదాకా అరిచింది.

నాలుగోనాడు ఓబులేశు ఆ పలుపు పట్టుకుని బయల్దేరాడు. ఈసారి అదే అతన్ని ఈడ్చుకుపోయింది. సుంకులమ్మ ఖాళీ గుంజ దగ్గర కూర్చుని, గుప్పెడు పచ్చగడ్డి గాలిలోకి చాచి ఉంది. ఆ గడ్డి కొసలు ఆవు కొరికినట్టు తెగి ఉన్నాయి.

గుంజకు కట్టగానే పలుపు మెత్తగా నేలకు జారింది. సుంకులమ్మ చెయ్యి దించింది. "ఇంక అక్కడే తింటుందిలే నాయనా."

తిరిగొచ్చేసరికి ఆవు నెమరేస్తోంది. దూడ పొదుగు కింద ఉంది. "మేత ముట్టింది స్వామీ" అన్నాడు ఓబులేశు, చేతులు కట్టుకుని.

పెద్దస్వామి అతని మెడవైపు చాలాసేపు చూశారు. "మరి నీ మెడలోది ఎవరిది ఓబులేశూ? ముందు అది ఇచ్చి రా."

అతని చెయ్యి మెడమీదికి పోయింది. అక్కడేదో, అక్క ఇంటివైపు బిగిసి ఉంది.

తల్లులారా, అయ్యలారా, పలుపు పట్టుకుని వెనక్కి నడిచాడే, ఆ ఒక్క పనీ మనసులో పెట్టుకోండి. రేపు మీరూ నడవండి.